నలభై ఒక్క ముఖాల పటం

చింతలదీవి రాజు గండభూపాలుడికి ఒకరోజు పొద్దున్నే ఓ వింత కోరిక పుట్టింది. పొరుగుదేశంలో జనం ఓట్లేసి పాలకుణ్ణి ఎన్నుకుంటారని ఎవరో చెప్పారట. అంతే, తానూ ఎన్నికల్లో నిలబడాల్సిందేనని పట్టుబట్టాడు.

"జనానికి నా మీద ఉన్నది ప్రేమో భయమో తేలిపోవాలి. ఓడితే సింహాసనం గెలిచినవాళ్ళదే!" అని నిండుకొలువులో ఒట్టు కూడా పెట్టేశాడు.

తీరా చూస్తే పోటీకి ఒక్కరూ ముందుకు రాలేదు. రాజు మీద గెలిస్తే ఒక తంటా, ఓడితే ఇంకో తంటా! చివరికి వంటశాల వెనక కట్టేసి ఉన్న మేకను అడిగారు. అది కాదనలేదు. పేరు రాసేసుకున్నారు.

ఇక ప్రచారం. ఆ ఊళ్ళో కబురు ఏదైనా పావురాలే మోసేవి. అరచేయంత గుడ్డ మీద బొమ్మ గీసి పావురం కాలికి కడతారు. అది ఎవరి చూరు మీదో వాలుతుంది. బొమ్మ నచ్చితే ఆ ఇంటివాళ్ళు పావురాన్ని పక్కింటికి ఎగరేస్తారు. నచ్చకపోతే దానికి నాలుగు గింజలు పెట్టి, గుడ్డను మసిగుడ్డ చేసుకుంటారు.

రాజుగారి పటం బాధ్యత దండనాయకుడు విరూపణ్ణ తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన మీసాల మనిషి. తన బొమ్మ లేని గోడ అసలు గోడే కాదనుకునే రకం.

రాజు ముఖం ఒక్కటే గీస్తే సరిపోయేది. కానీ కొలువు మర్యాద అని ఒకటి ఏడ్చింది కదా! పెద్దలందరూ హోదా ప్రకారం వరసగా పటంలో ఉండాలి. రాణిగారి తమ్ముడు, ఆ తమ్ముడి మామ, ఏనుగుశాల అధికారి, ఆయన ఏనుగు, ఇలా మొత్తం నలభై ఒక్క ముఖాలు! పక్కన పదకొండు పంక్తుల బిరుదులు. విరూపణ్ణ మీసం ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. దాని కింద ఎడమ మూలన మినపగింజంత రాజు.

మేక తరఫున దాని కాపరి బొగ్గుతో ఒక మేకను గీశాడు. కింద "మే" అని రాశాడు. అంతే.

మర్నాడు వేగులవాడు వచ్చాడు.

"జనం ఏమంటున్నారు?" అని రాజు ఆత్రంగా అడిగాడు.

"కుమ్మరివీధిలో మన పటాన్ని పెళ్ళి శుభలేఖ అనుకుని, భోజనాలు ఎప్పుడని అడుగుతున్నారు ప్రభూ. సాలెవీధిలో తప్పిపోయినవాళ్ళ పటం అనుకుని వెతకడానికి బయల్దేరారు."

"మరి మేకది?"

"ఊరంతా మూడుసార్లు చుట్టొచ్చింది. పిల్లలంతా మే మే అంటూ తిరుగుతున్నారు. పెద్దలు కూడా ప్రభూ!"

ఓట్లు ఎల్లుండే. మేక ముందు తాను చేతులు కట్టుకుని నిలబడటం రాజు కళ్ళకు కట్టింది. పాపం, నిజంగానే భయపడ్డాడు.

ఆ ముఖాలన్నీ తీసేయమనబోయి ఆగిపోయాడు. బావమరిదిని తీసేస్తే రాణిగారు నెల్లాళ్ళు మాట్లాడరు. ఏనుగును తీసేస్తే అదేం చేస్తుందో ఎవరు చెప్పగలరు?

రోజూ పక్కన నిలబడి రాజుకు తాంబూలం అందించే మల్లసాని కిసుక్కున నవ్వింది.

"ఎవరినీ నొప్పించకుండా, వాళ్ళంతట వాళ్ళే తప్పుకునేలా నేను చేస్తాను ప్రభూ."

విరూపణ్ణ మండిపడ్డాడు. "ఆకులు చుట్టే నీకు పటాల సంగతేం తెలుసు? నీవల్ల కాకపోతే కొలువు విడిచి పోవాలి. ఒప్పుకుంటావా?"

"ఓ, నిక్షేపంగా పోతాను."

తెల్లారి కొలువులో రంగు ఆరని పెద్ద పటం ఒకటి వేలాడుతోంది. నలభై ఒక్క ముఖాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఒక్కటీ తగ్గలేదే!" అంటూ విరూపణ్ణ మీసం దువ్వాడు.

"తగ్గించడం దేనికి దండనాయకా? పెద్దల గౌరవం ఇంకాస్త పెంచుదామని ప్రతి ముఖం కిందా ఒక్క మాట రాయించాను."

"ఏమని?"

"మీకు ఏ కష్టమొచ్చినా, ఏ వేళైనా, వీరి ఇంటి తలుపు తట్టండి."

పెద్దలంతా బాగుంది బాగుందని తలలూపారు.

"దండనాయకా, తమరితోనే మొదలుపెట్టాను. తమ ముఖం, కింద ఆ మాటతో పొద్దున్నే పది పావురాలు ఎగిరాయి" అంది మల్లసాని.

అంతలో వాకిట్లో గోల. ఒకావిడ గేదెను తోలుకుని నేరుగా కొలువులోకే వచ్చేసింది.

"మీసాల దొర ఎవరయ్యా? ఇంటికెళ్తే ఇక్కడున్నాడన్నారు. మా గేదె మూడు రోజులుగా పాలివ్వట్లేదు. కాస్త నచ్చజెప్పు దొరా!"

ఆమె వెనక ఒకాయన పగిలిన పెంకులు గంపకెత్తుకుని వచ్చాడు, ఇల్లు కురుస్తోందట. ఆయన వెనక ఒక ముసలాయన, తనకు ఈమధ్య కలలు రావడం లేదట. వాళ్ళ వెనక కోటగుమ్మం దాకా జనం.

విరూపణ్ణ తలపాగా విప్పి, ఒక్క గెంతున పటం దగ్గరికి పోయి తన బొమ్మను మీసంతో సహా తుడిచేశాడు.

"ముందు నాది! నాది!" అంటూ మిగతావాళ్ళంతా ఎగబడ్డారు. రాణిగారి తమ్ముడు వేలు తడిచేసుకుని మరీ రుద్దాడు. ఏనుగుశాల అధికారి తనది తుడిచి, పోతూ పోతూ ఏనుగునూ తుడిచాడు.

పటంలో రాజు ఒక్కడే మిగిలాడు. ఆయన హమ్మయ్య అనుకోబోతూ తన ముఖం కింద చూశాడు. అక్కడా అదే మాట! చెయ్యి మెల్లగా ఉత్తరీయం చెంగు మీదికి పోయింది.

"మల్లసానీ, ఇదీ చెరిపేస్తే?"

"చెరపొచ్చు ప్రభూ. అప్పుడిక ఊళ్ళో మిగిలేది మేక ముఖమే."

రాజు కిరీటం జారేలా పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు, విరూపణ్ణతో సహా.

రాజు మెడలోని ముత్యాలహారం తీసి మల్లసానికి ఇచ్చాడు. "నా ముఖం గుడ్డ నిండా గీయించు. కింద ఆ మాట అలాగే ఉండనీ. ఈ పటాల పని ఇకమీదట నీదే" అన్నాడు.

తర్వాత సింహాసనం దిగి గేదె దగ్గరికి నడిచాడు.

"ఏదమ్మా, దీని పేరేమిటి?"