వంటిల్లు లేని జింజిరులు

అనగనగా ఒక రాజ్యంలో పేరిభొట్లని ఒక ఆస్థాన కథకుడుండేవాడు. రాజుగారికి చుట్టుపక్కల దేశాల కబుర్లు విని విని మొహం మొత్తింది. ఎవరూ చూడని జనం గురించి చెప్పమన్నాడు. పేరిభొట్లుకి అదెంత పని! కొండల అవతల జింజిరులని ఉన్నారన్నాడు. వాళ్ళకో దేవుడు, దేవుడికో గుర్రం, గుర్రానికో జెండా, జెండాకో పాట, పాటకో యుద్ధం. అన్నీ పెట్టాడు మహానుభావుడు! ఊఁ కొడుతున్నారా, నిద్రపోయారా?

తెర వెనకనుంచి రాణిగారు అడిగించింది, వాళ్ళేం తింటారు, ఎవరు వండుతారు అని. అంతే, పేరిభొట్లు మళ్ళీ గుర్రం దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. వంటిల్లు పెట్టడం మర్చిపోయాడర్రా! పుట్టి బుద్ధెరిగాక వంటింటి గడప తొక్కితేగా? పీట మీద కూర్చుంటే అన్నం దానంతటదే నడిచొస్తుందనుకున్నాడు పాపం. రాజుగారికి అనుమానమొచ్చింది. పున్నమిలోగా ఒక జింజిరి మనిషిని తెచ్చి చూపించు, లేదా నీ తల తీయిస్తానన్నాడు.

పేరిభొట్లు ఇంటికొచ్చి ముసుగుతన్ని ఏడుపు. కోడలు అచ్చాయమ్మ సంగతంతా విని నవ్వింది. "జనాన్ని పుట్టించారు సరే మామగారూ, తిండి మాటే మరిచారా? ఏడవకండి, నేను వెళ్తాలెండి" అంది.

చీర తిరగేసి కట్టి, మెడలో గవ్వలేసుకుని సభకి పోయింది. కోడళ్ళ మొహం ఏ రాజు చూశాడు గనక గుర్తుపట్టడానికి! మా జింజిరుల్లో ఆడవాళ్ళే ముందు తింటారు, మగవాళ్ళు వడ్డిస్తారు, ఎంత గొప్పవాడైతే అంత చివర తింటాడు అని చెప్పింది. తను గొప్పవాడు కాదంటే రాజు ఊరుకుంటాడా? భోజనాల వేళకి వంటవాడి చేతిలో గరిటె లాక్కున్నాడు! పెళ్ళయిందగ్గర్నుంచీ చల్లారిన మెతుకులే తిన్న రాణిగారు, పొగలు కక్కే అన్నంలో నెయ్యి కలుపుకుని భోరుమంది తల్లి. ఆ పూటే రాజ్యమంతా చాటింపేయించింది, ఇకమీదట ఇదే మన ఆచారమని.

తల దక్కిందని పేరిభొట్లు ఎగురుకుంటూ ఇంటికొచ్చి పీట వాల్చాడు. పెళ్ళాం, కోడలు అప్పటికే తింటున్నారు. కోడలు గరిటె చేతికిచ్చింది. "మీరు పుట్టించిన జనమే కదా మామగారూ, కాస్త పప్పు వెయ్యండి."

వేశాడు. అందరూ సుఖంగా ఉన్నారు, పేరిభొట్లుకి మాత్రం మాడుచెక్క మిగిలింది. అందుకే, ఎవర్నైనా పుట్టించేటప్పుడు ముందు పొయ్యి ఎక్కడో చూసుకోండర్రా. మీ తాతయ్య ఈ కథ వింటూనే ముసలాడయ్యాడు, ఇంకా పీట మీదనుంచి లేవలేదు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.