ఖాళీ సీటు పక్క నల్ల అద్దం

మా దీక్షితులుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా కండువా భుజాన వేసుకొని చెప్పుల కోసం వెతికేవారు. ఉపనిషత్తు పాఠానికని వెళ్ళి ఆయన వెనక ఎండలో పడి తిరిగిన రోజులు మాకు చాలా ఉన్నాయి. జవాబు దొరికినా దొరక్కపోయినా కాళ్ళ నొప్పులు మాత్రం తప్పేవి కావు. విజయనగరంలో అంతకన్నా సుఖపెట్టే గురువులు లేకపోలేదు. అయినా మేము ఆయన్ని వదల్లేదు.

ఆయన శిష్యుల్లో త్రివిక్రమరావు అని ఒక వకీలు ఉండేవాడు. మార్గశిరంలో అతని భార్య సుభద్ర, చూస్తుండగానే జ్వరం ముదిరి, చనిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళను బావమరిదికి అప్పగించి అతను గది తలుపు వేసుకున్నాడు. తరువాత కూడా, భార్య పోయిందన్న మాట అతని నోట ఎవరూ వినలేదు. కోర్టుకు వెళ్ళేవాడు, ఎప్పటిలాగే వాదించేవాడు, ఇంటికొచ్చేవాడు. కారులో తన పక్క సీటులో మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. అది సుభద్ర కూర్చునే చోటు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పాఠం అయిపోయిన వెంటనే అతను గురువుగారిని ఒక సంగతి అడిగాడు. కారు అద్దాలకు కూలింగ్ పేపరు వేయించాలట, ఎంత నల్లటిది వేయించుకోవచ్చో చెప్పాలట. మాకు నవ్వాగలేదు. బ్రహ్మజ్ఞానం చెప్పే మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అది? అతను నవ్వలేదు. ఎండ కోసం కాదన్నాడు. కూడలిలో కారు ఆగితే చాలు, తెలిసినవాళ్ళు తొంగి చూసి ముఖం అదోలా పెడుతున్నారని, ఆ జాలి తన వల్ల కావడం లేదని చెప్పాడు.

"ఎవరికీ కనబడకుండా బతకాలని ఉందండీ. అది తప్పా?"

మా నవ్వు మాకే సిగ్గనిపించింది. గురువుగారు కండువా అందుకున్నారు.

ఆయన, త్రివిక్రమరావు, నేను కలిసి జిలానీ దుకాణానికి వెళ్ళాం. జిలానీ కార్లకు సీటు కవర్లు కుట్టి, అద్దాలకు పేపర్లు అంటించేవాడు. నలుపు తేడాలున్న పేపరు ముక్కలన్నీ తెచ్చి అద్దం మీద వరసగా పెట్టి చూపించాడు. మొదటిది ఉన్నా లేనట్టే ఉంది. చివరిది కాటుక పూసినట్టుంది. అంత నల్లదైతే పోలీసులు ఆపుతారని జిలానీ చెబుతూనే ఉన్నాడు, త్రివిక్రమరావు వేలు మాత్రం ఆ చివరి ముక్క మీదే ఉంది. గురువుగారు అడ్డు చెప్పలేదు. ముందు ఒక్క అద్దానికి వేయించి కాస్త తిరిగి చూద్దామన్నారు. ఆ ఒక్కటీ ఖాళీ సీటు పక్కనున్న ఎడమ అద్దానికి వేయించమన్నారు. జిలానీ సబ్బునీళ్ళు చల్లి పేపరు అంటించాడు. తడి ఆరేదాకా అద్దం దించవద్దని, దించితే పేపరు ముడతలు పడి ఊడొస్తుందని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడు.

గురువుగారు చెప్పిన దారిన వెళ్తే ఊరి బయట రైల్వే గేటు పడి ఉంది. కారు ఆగింది. అక్కడ వేసవిలో పైడమ్మ అనే ఆమె ముంజలు అమ్ముతుంది. ముంజల కాలం అయిపోతే ఎక్కడో కూలిపనులకు పోతుంది, మళ్ళీ వేసవికే రావడం. గేటు పడినప్పుడల్లా సుభద్ర అద్దం దించి ఆమెతో బేరమాడేది, ఇద్దరికీ కొనడం, అమ్మడంకన్నా ఆ మాటలే ఇష్టం. దీక్షితులుగారికి ఇదంతా ముందే తెలుసా అని నాకు ఇప్పటికీ అనుమానమే. అడిగితే మళ్ళీ చెప్పులు వెతుకుతారని అడగలేదు.

పైడమ్మ కారును గుర్తుపట్టి, తట్ట ఎత్తుకొని తిన్నగా ఎడమ అద్దం దగ్గరకే వచ్చింది. ఆ నలుపులో ఆమెకు తన ముఖమే కనిపించిందేమో, నవ్వి, జుట్టు సర్దుకొని, వేళ్ళతో అద్దం మీద తట్టింది.

"ఏటమ్మా, అద్దం తియ్యవేటి? నా మీద కోపమొచ్చిందా? నీకోసరం లేతయి ఏరి ఉంచినాను, ఒక్క మాటాడమ్మా."

త్రివిక్రమరావు పడి ఉన్న గేటు వైపే చూస్తున్నాడు. ఆమె ఖాళీ సీటుతో మాట్లాడుతోంది. గేటు లేచేదాకా ఓర్చుకుంటే చాలు, వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే, సుభద్ర అలిగిందనే పైడమ్మ ఈ వేసవంతా బాధపడుతుంది. ఆమె మళ్ళీ తట్టింది. వెనక సీటులో నా పక్కన గురువుగారు కళ్ళు మూసుకొని ఉన్నారు.

త్రివిక్రమరావు మీట నొక్కాడు. అద్దం దిగుతుంటే పేపరు ముడతలు పడి, ఊడి, అంచున వేలాడింది. పైడమ్మ నవ్వుతూ లోపలికి వంగింది. సీటు చూసింది. తరువాత అతన్ని చూసింది.

"అమ్మగోరేరి బాబూ?"

అతను ఆ సీటు మీద చెయ్యి వేశాడు. "లేదు పైడమ్మా. పోయింది. మార్గశిరంలో పోయింది."

ఆమె తట్ట పక్కనే రోడ్డు మీద కూలబడి, సొంత మనిషి పోయినట్టు బావురుమంది. అతను దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాడు. రైలు వచ్చి వెళ్ళింది. గేటు లేచింది. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి పక్కనుంచి పోయారు. అతను చెబుతూనే ఉన్నాడు. జ్వరం ఎలా మొదలైందో, ఆసుపత్రిలో ఆఖరున సుభద్ర ఏమడిగిందో, తను అప్పుడు ఎక్కడున్నాడో, ఇన్ని నెలలుగా మేమెవరమూ వినని మాటలన్నీ ఆమెకు చెప్పాడు. పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఒక ముంజ ఒలిచి అతని చేతిలో పెట్టింది. అతను ఏడుస్తూనే తిన్నాడు. మిగిలినవి తాటాకులో చుట్టి ఆమె ఆ ఖాళీ సీటులో పెట్టింది. అతను వద్దనలేదు.

తిరిగి దుకాణానికి వస్తే, ఊడిన పేపరు చూసి జిలానీ తను ముందే చెప్పానని నొచ్చుకున్నాడు. మళ్ళీ ముక్కలన్నీ తెచ్చి వరసగా పెట్టాడు. త్రివిక్రమరావు ఈసారి ఏ ముక్క మీదా వేలు పెట్టలేదు. గురువుగారి వైపు తిరిగి, ఎంత నలుపు వేయించమంటారో మీరే చెప్పండన్నాడు.

దీక్షితులుగారు ఆ ముక్కలను ఒక్కొక్కటే ఎత్తి చూశారు.

"లోపల ఎవరు లేరో బయటివాళ్ళకు కనిపించాలి నాయనా. అంతవరకు ఏదైనా ఫరవాలేదు" అన్నారు.