రెండు సెకన్ల కబురు

అప్పలనరసయ్య గారు బటన్ నొక్కారు. ఆ సంగతి సత్యవేణికి తెలుసు. తెలిసే, నొక్కలేదని చెప్పింది. ఈ మాట ఆమె ఇంతవరకు పైకి అనలేదు. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా నోటిదాకా రానివ్వలేదు.

తునిలో ఒక చిన్న డయాలసిస్ సెంటరుకి ఆమె యాప్ చేసిపెట్టింది. ఆ విద్య ఏ కాలేజీలోనూ చదవలేదు. వీడియోలు చూసి, చెడగొట్టుకుని, మళ్ళీ కట్టుకుని నేర్చుకుంది. ఒకే కోడు రెండు రకాల ఫోన్లలోనూ నడిచేది. ఏ రోజు ఏ మిషను దగ్గర పడుకోవాలో రోగులు ఇంట్లో కూర్చునే ఖాయం చేసుకునేవాళ్ళు.

అడుగడుక్కీ తెర మధ్యలో పెట్టె వచ్చి ‘సరే’ నొక్కమనడం ఆమెకు గిట్టదు. అలర్టు పెట్టడం నాటు పని అనేది. తన యాప్‌లో ఏ కబురైనా టోస్టుగానే వచ్చేది. అడుగున చిన్న పట్టీ, రెండు సెకన్లు కనబడి తనంతట తనే వెళ్ళిపోతుంది. తన యాప్ ఎవరికీ అడ్డురాదని తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆ రోగుల్లో ఒకరైన అప్పలనరసయ్య గారు ఒక ఆదివారం కూర్చుని, సోమవారం పొద్దుటి చోటు కోసం బటన్ నొక్కారు. సరిగ్గా అప్పుడే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ‘ఖాళీ లేదు, వేరే టైం చూడండి’ అని పట్టీ వచ్చింది, పోయింది. డెబ్భై దాటిన మనిషి, కూడబలుక్కుని చదివే మనిషి. చోటు దొరికిందనే అనుకున్నారు. సోమవారం రెండు బస్సులు మారి వచ్చారు. మిషన్లన్నీ నిండి ఉన్నాయి, తిప్పి పంపేశారు. మర్నాటికి ఒంట్లో నీరు చేరి ఊపిరి అందలేదు. విశాఖపట్నం తీసుకెళ్తే నాలుగు రోజులకి గండం గడిచింది.

తప్పు యాప్‌దా అని మేనేజరు ఫోన్ చేశాడు. ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో యాప్ రాసిపెట్టుకునే లాగ్‌ని సత్యవేణి తీసి చూసింది. ఆయన నొక్కిన నిమిషం, పట్టీ వచ్చిన నిమిషం, రెండూ వరసగా ఉన్నాయి.

“పెద్దాయన కదండీ, నొక్కి ఉండరు” అంది.

మేనేజరు ఆ మాటే ఆయన కూతురు పైడమ్మకి చేరవేశాడు. పైడమ్మ తండ్రి చేతిలో ఫోను తీసేసుకుంది. ఆ తర్వాతి కథంతా సత్యవేణి సెంటరు నర్సు నోట విన్నది. నొక్కాననే అనుకున్నానే అని ఆయన మొదట్లో గొణిగేవారట. ఇప్పుడు అదీ లేదట. మాత్ర వేసుకున్నానా, తలుపు గడియ పెట్టానా అని ప్రతిదానికీ కూతురిని అడుగుతున్నారట. నా బుర్ర అయిపోయిందమ్మా అని నర్సు చెయ్యి పట్టుకున్నారట.

మూడు వారాలు సత్యవేణికి అన్నం సయించలేదు. చివరికి జిలానీ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

మాస్టారు ఒకప్పుడు టైపు నేర్పేవారు. అదే మేడగదిలో ఇప్పుడు కోడు నేర్పుతారు. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. తప్పేమిటో ముందు నోటితో చెప్పాలి, ఆ తర్వాతే లాప్‌టాప్ మూత తెరవాలి. చాలామందికి చెబుతుండగానే తప్పు దొరికిపోయేది, మూత తెరవకుండానే మెట్లు దిగిపోయేవాళ్ళు.

“ఈసారి ఏ ఫోను ఏడిపించిందే వేణమ్మా?” అన్నారు ఆమెను చూడగానే.

సత్యవేణి తప్పు చెప్పలేదు, సందేహం చెప్పింది. ఆండ్రాయిడ్‌లో టోస్టు ఫోనుతోనే వస్తుంది, ఐఫోనులో అది లేదు, మనమే అల్లుకోవాలి. అల్లితే ఎంతసేపు ఉంచాలి, రెండు సెకన్లా, మూడున్నరా? ఇదీ ఆమె అడిగింది.

“ఎవరికి చెప్పే మాట?”

“రోగికి, మాస్టారూ.”

“ఏమని?”

“చోటు దొరకలేదని.”

మాస్టారు చేతిలోని మంచినీళ్ళ గ్లాసుతో డాబా మీదికి నడిచారు. మిట్టమధ్యాహ్నం, నాపరాళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. వంగి, వేలు నీళ్ళలో ముంచి రాతి మీద ఏదో ఒక వరస రాశారు. సత్యవేణి చెప్పులు వేసుకుని వచ్చేసరికి రెండు తడి గీతలు మిగిలాయి. చూస్తుండగానే అవీ పోయాయి.

“ఏం రాశాను?”

“అందలేదు మాస్టారూ. నేను వచ్చేలోపే ఆరిపోయింది.”

“నేనైతే రాశాను” అన్నారాయన మామూలుగా. “నువ్వే చదివి ఉండవు.”

మేనేజరుతో తను అన్న మాట ఈయనకి తెలిసే దారే లేదు. సత్యవేణి అక్కడే, ఆ కాలే రాతి మీదే కూర్చుండిపోయింది.

“ఆయన నొక్కారు మాస్టారూ” అంది. “నొక్కలేదని నేనే చెప్పాను.”

మాస్టారు గ్లాసులో మిగిలిన నీళ్ళు ఆమెకిచ్చారు. తాగేదాకా నిలబడ్డారు.

“మూత తియ్యనా మాస్టారూ? తప్పు చెప్పేశాను కదా.”

“చెప్పావు. నాకు.”

అంతే. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

సత్యవేణి మెట్ల మీద కూర్చుంది. టోస్టు తీసేసి అలర్టు పెట్టడం పది నిమిషాల పని, రెండు రకాల ఫోన్లలోనూ. దాంతో ముందు వచ్చేవాళ్ళు బాగుపడతారు. అప్పలనరసయ్య గారికి ఒరిగేదేమీ లేదు. పైడమ్మకి మెసేజ్ మొదలుపెట్టింది. నమస్తే అండీ, మీ నాన్నగారు ఆ రోజు, అని అక్కడిదాకా రాసి చెరిపేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపేసింది.

చెబితే పని పోతుంది, పైడమ్మ తిడుతుంది, ఊరంతా తెలుస్తుంది. చెప్పినా ఆ నాలుగు రోజుల ఊపిరి ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఏ మూల నుంచి చూసినా ఇందులో తనకి మిగిలేది ఏమీ కనిపించలేదు.

అయినా చెబుతుంది, మెసేజ్ కాదు, ఫోనే చేస్తుంది. పైడమ్మ ఎత్తితే తిట్టినంతసేపూ తిట్టనిచ్చి, నాన్నగారికి ఇమ్మని అడుగుతుంది. మీరు నొక్కారండీ అని ఆయనకే చెబుతుంది, అర్థం కాకపోతే మళ్ళీ చెబుతుంది. విన్నానమ్మా అని ఆయన అనేదాకా పెట్టెయ్యదు.