పసుపు పీలిక కట్టిన చెయ్యి

అనగనగా ఒక రాజు ఉన్నాడంటే ఆయనకు ముగ్గురు కొడుకులు ఉండి తీరాలి కదా, ఉన్నారు. ధవళసేన మహారాజు మూడో కొడుకు కేసరుడు ఒకనాడు నిండుసభలో తొడగొట్టాడు.

"నాన్నగారూ! ఏడు సముద్రాలూ ఈదిపోతాను. మాయావి జటిలుణ్ణి మట్టి కరిపిస్తాను. వాడెత్తుకుపోయిన మధూలిక రాకుమారినీ, ఆమెకోసం వెళ్ళి రాళ్ళైపోయిన అన్నలిద్దర్నీ విడిపించుకొస్తాను!"

సభ హోరెత్తింది. హోరు తగ్గాక మెల్లిగా అన్నాడు: "ఒక ఓడ ఇప్పించండి. నాకు ఈత రాదు."

కేసరుడిది ఎడంచేతి వాటం. కత్తి తిప్పితే ఎడం చెయ్యి, బంతి విసిరితే ఎడం చెయ్యి. ఆఖరికి కంచంలోకీ అదే చెయ్యి! "ఒరేయ్, ఆ చెయ్యి కాదురా!" అని అరిచి అరిచి గొంతు పోయి, నాయనమ్మ ఆ మణికట్టుకు పసుపు పీలిక కట్టింది. ఓడెక్కేటప్పుడు ముడి బిగించి, "పరాయి ఇంట్లోనైనా పరువు నిలబెట్టు నాయనా" అంది.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. మాయావి దీవి ఒడ్డున వలలో చిక్కి ఒక పీత గింజుకుంటోంది. దానికి ఓ పక్క బండ చెయ్యి, ఓ పక్క బుల్లి చెయ్యి.

"మీ అన్నలు నా అవకరం చూసి నవ్వుకుంటూ పోయారు. నువ్వూ నవ్వి పో!" అంది పీత.

"నన్ను చూసి ఊరంతా నవ్వుతుంటే, నేను నిన్ను చూసి నవ్వడమా?" అని కేసరుడు వల కోశాడు.

పీత సంతోషించి రహస్యం చెప్పింది. "జటిలుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. వాడి అలవాట్లన్నీ దానికీ ఉంటాయి. అద్దంలో దాని నీడను చూసి ఇంకో రెండు చిలకల్ని చేశాడు. నీడ చిలకను పట్టుకున్నవాడు రాయైపోతాడు."

కోటలో జటిలుడు కేసరుణ్ణి తన పక్కనే అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఇదివరకు వచ్చినప్పుడు, ఇచ్చిన చెయ్యి చూసి అన్నలైతే, "అతిథికి ఎడం చేత్తో ఇస్తావా!" అని కత్తులు దూశారు; ఆ తరువాత నీడ చిలకల్ని పట్టుకుని రాళ్ళైపోయారు. కేసరుడు తన పీలిక వంక చూసుకున్నాడు. అటువైపు చెయ్యే! 'వీడూ మనవాడే' అనుకుని గటగటా తాగేశాడు.

"ఇవిగో మూడు చిలకలు. పట్టు చూద్దాం!" అన్నాడు జటిలుడు.

కేసరుడు మూడింటికీ మూడు జామపళ్ళు ఇచ్చాడు. ఒక్కో చిలకా ఒక్కో కాలితో పండు పట్టుకుంది. కేసరుడు గిరుక్కున తిరిగి, మొదటి చిలక పక్కన అదెటు చూస్తోందో అటే చూస్తూ నిలబడ్డాడు. పీలిక చూసుకున్నాడు. కాదు. రెండోదాని పక్కన నిలబడ్డాడు. కాదు.

"నాకు వీపు చూపిస్తావేం? భయమా?" అని జటిలుడు పకపకా నవ్వాడు.

మూడోదాని పక్కన నిలబడ్డాడు. పండు పట్టిన కాలూ పీలిక కట్టిన చెయ్యీ ఒకేవైపు! ఎడం చెయ్యి చాచి చటుక్కున చిలకను పట్టేశాడు.

జటిలుడి నవ్వు గొంతులోనే ఆగిపోయింది. "మెడ... మెడ నొక్కకు బాబూ!"

"అన్నల్ని లేపు. రాకుమారిని వదులు. నీ మంత్రదండం విరిచెయ్యి."

మూడూ చేశాడు. కేసరుడు గుప్పిలి విప్పగానే చిలక అడవిలోకి తుర్రుమంది. ఎవరు రాయి విసురుతారోనని జటిలుడు లబలబలాడుతూ దాని వెనకే పరుగెత్తాడు.

ఆకాశమంత పందిరి వేసి కేసరుడికీ మధూలికకూ పెళ్ళి చేశారు. తరువాత వాళ్ళు ముప్పై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. అది సరే గానీ, పెళ్ళినాడే ఒక సంగతి జరిగింది.

కొత్త జంట గడప దగ్గరికి వచ్చింది. "కుడికాలు ముందు పెట్టండి బాబూ" అన్నారు పురోహితులు. కేసరుడు కదల్లేదు. చేతులకేసి చూసుకున్నాడు. మంగళస్నానంలో పీలిక ఎవరో తీసేశారు!

"ఏమైంది?" అంది మధూలిక. "ఆనాడు చిలకల పక్కన తిరిగి నిలబడ్డారే, అలాంటి మంత్రమేమైనా జపిస్తున్నారా?"

"మంత్రమూ లేదు, మన్నూ లేదు" అని ఆమె చెవిలో గొణిగాడు కేసరుడు. "పీలిక లేకపోతే నాకు కుడేదో ఎడమేదో తెలీదు. నువ్వు ఏ కాలు పెడితే నేనూ అదే పెడతాను. కాస్త త్వరగా పెట్టు, నాయనమ్మ చూస్తోంది!"