సుక్కవ్వ వంతు

మీ తాతకు తాత ఇంకా పుట్టని కాలం. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, నిద్ర వచ్చేవాళ్లు పడుకోండి, నేనైతే చెప్పక మానను.

ఒక వాగు ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో సుక్కవ్వ అని ఒక మనిషి. ఆమెకు ఒక గుడిసె, గుడిసె మీదికి పాకిన సొరపాదు, అంతే. గుంటెడు భూమి లేదు. ఉన్నదల్లా గొంతు.

నాట్ల రోజుల్లో ఆడవాళ్లు మడిలో వరుసగా వంగుతారు. ఒకరు పాటలో ఒక మాట ఎత్తుతారు. ఆ మాట సాగినంతసేపు అందరూ నారు గుచ్చుతారు. తర్వాత అందరూ కలిసి అందుకుంటారు, అందుకుంటూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. పాట సరిగ్గా ఉంటే వరుస సరిగ్గా ఉంటుంది. ఆ ఊళ్లో ఎత్తేది సుక్కవ్వ, అందుకునేది ఊరంతా.

అందుకునే మాట ఎప్పుడూ ఒక్కటే. "పచ్చగుండాలె, పల్లె సల్లగుండాలె." సుక్కవ్వ ఎత్తే మాట మాత్రం ఏ పూటకాపూట కొత్తది. లచ్చవ్వ కోడి తప్పిపోతే ఆ కోడి పాటలోకి వచ్చేది. కోపంతో మడి గట్టెక్కిన ఊరిపెద్ద పట్టేలు తలపాగా వంకర పాటలోకి వస్తే, ఎన్నడూ నవ్వని ఆ పట్టేలు కడుపు పట్టుకొని నవ్వాడు. ఉప్పు బండి తోలుకుపోయే పరదేశి ఒకడు పాట విందామని ఆగాడు. వాన వచ్చి బండెడు ఉప్పూ కరిగిపోయింది. "పోతే పోయింది, నా పేరు పాటల వచ్చింది" అని ఖాళీ బండి తోలుకుంటూ పోయాడు. అంత గొప్ప గొంతు నాయనా అది. ఆ ఊళ్లో సుక్కవ్వ పాటలోకి ఎక్కని మనిషి లేడు.

సుక్కవ్వ పక్కన పోశవ్వ. ఆమె నలభై ఏళ్లు అందుకోవడమే తప్ప ఒక్కనాడూ ఎత్తింది లేదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. నారుమడుల్లో నారు ముదిరిపోతోంది. అప్పుడే సుక్కవ్వ మంచం పట్టింది. పోశవ్వ చెయ్యి తన చేతిలోకి తీసుకొని అడిగింది.

"నా ఎనుక నువ్వే ఎత్తాలె పోశీ."

"నాతోని గాదక్కా. నీ ఎనుక అందుకునుడే నాకు ఎరుక. ఎత్తుడు నాకేడ అస్తది?"

"రాకుంటే ఎత్తకు. అందుకునుడు మాత్రం ఇడువకు."

జ్వరంలో ఏదో అంటోందిలే అనుకుంది పోశవ్వ. ఆ వారంలోనే సుక్కవ్వ పోయింది.

ఆమె పోయిన పదో నాడు వాన కురిసింది. మడులన్నీ నిండాయి. అయితే నారు ఇంక మూడు రోజులకు మించి ఆగదు. ఈ మూడు రోజుల్లో నాట్లు పడకపోతే ఆ ఏడంతా ఊరు పస్తులే.

మొదటి రోజు లచ్చవ్వ ఎత్తింది. సగం మాటకే ఏడుపు వచ్చింది. అందరూ ఏడ్చారు. ఒక్క మడిలో కూడా నాటు పడలేదు.

రెండో రోజు పొరుగూరి నుంచి పాటగత్తెను పిలిపించారు. ఆమె గొంతు మంచిదే. కానీ ఆమె పాట వేరు, అడుగు వేరు. ఒకరి మీద ఒకరు పడ్డారు, వేసిన నారు కాళ్ల కింద నలిగింది.

మూడో రోజు ఎవరూ ఏమీ ఎత్తలేదు. బురదలో దిగి, నోరు మూసుకొని, చేతనైనంత గుచ్చుతున్నారు. పోశవ్వ నారు గుచ్చింది. గుచ్చి, అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక్కి వేసింది. అడుగుతో పాటు నోరూ తెరుచుకుంది.

"పచ్చగుండాలె, పల్లె సల్లగుండాలె."

అందరూ తలలెత్తి చూశారు. ఎవరూ ఎత్తని పాటను అందుకున్నందుకు పోశవ్వ సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎవలు ఎత్తిన్రని అందుకున్నవే?" అంది లచ్చవ్వ.

"అక్క ఎత్తింది. నీ కోడి మాటే ఎత్తింది. నువ్వినలేదా?"

ఎవరూ నవ్వలేదు. అందరూ మళ్లీ వంగారు. మడంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లచ్చవ్వకు తన కోడి వినిపించింది. గట్టు మీద నిలబడ్డ పట్టేలుకు తన తలపాగా వినిపించింది, ఆయన చెయ్యి దానంతట అదే తలపాగా సర్దుకుంది. ఎవరి మాట వాళ్లకే. సరిగ్గా ఒక్క క్షణాన మడంతా ఒక్క గొంతుతో అందుకుంది, ఒక్క కాలితో వెనక్కి జరిగింది. నా ఒళ్లు చూడండి, ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పొద్దు వాగులో దిగేలోపల చివరి మడి కూడా పచ్చబడింది.

అప్పటి నుంచి ఆ ఊరి నాట్లలో పాట ఎవరూ ఎత్తరు. అది సుక్కవ్వ వంతు. ఆ కాసేపూ మడి నిశ్శబ్దంగా ఉంటుంది, తర్వాత అందరూ అందుకుంటారు. ఎత్తేది సుక్కవ్వ, అందుకునేది ఊరంతా.

కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల మొదటి ఏడు తత్తరపడుతుంది. "అత్తా, ఎవలూ ఎత్తనే లేదు, మీరెట్ల అందుకున్నరు?" అంటుంది.

"ఇంకా ఇనవడలేదా బిడ్డా," అంటుంది అత్త, అంతకు మించి చెప్పదు.

రెండో ఏడూ అడుగుతుంది. మూడో ఏడు అడగదు. నారుకట్ట పట్టుకొని వంగుతుంది, ఉన్నట్టుండి తనలో తాను నవ్వుకుంటుంది, అందరితో పాటు సరిగ్గా ఒక అడుగు వెనక్కి వేస్తుంది.