సుంకమ్మ గింజల నూనె

ఈ కథలో ఒక్క మాట అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన ఒక్క పన్నూ ఊడిపోవాలి. అది నిన్ననే ఊడిందనుకో, అయినా ఒట్టు ఒట్టే. కూర్చో.

అనగనగనగా, మీ తాత తాతకి ఇంకా పేరైనా పెట్టని రోజుల్లో, ఎర్రకొండ కింద ఒక ద్రాక్షతోటల ఊరుండేది. అక్కడ ద్రాక్షపండు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. సరే, అలా చూడకు, నిమ్మకాయంత. ఊరి మధ్య రాతితొట్టి. పళ్ళన్నీ అందులో పోసి ఆడవాళ్ళు కాళ్ళతో తొక్కేవాళ్ళు. రసం కుండల్లో పులిసి సారా అయ్యేది, ఏనుగుల మీద కోటకి పోయేది. మిగిలిన పిప్పి ఊరవతల గుంతలోకి పోయేది.

తమాషా చూడు. కాళ్ళ కింద నలిగిన రసం దొరలు తాగితే గొప్ప. అదే కాళ్ళ కింద నలిగిన పిప్పి ముట్టుకుంటే సిగ్గు! కాలి ఎంగిలి అనేవాళ్ళు దాన్ని.

ఆ కాలి ఎంగిలి ముట్టుకునేది ఊరంతటికీ ఒక్కతే, సుంకమ్మ. పిప్పిలోంచి గింజలు ఏరేది, కడిగేది, ఎండబెట్టేది. గానుగవాడు గడప తొక్కనివ్వడు కాబట్టి తన రోట్లోనే దంచేది. దంచి, వెచ్చచేసి, గుడ్డలో కట్టి పిండేది. బండెడు గింజలకి దోసెడు నూనె. లేత పచ్చగా, పలచగా, రాస్తే చర్మంలోకి ఇట్టే ఇంకిపోయేది. పారేసే గింజలో అంత మేలుందని ఆవిడకెలా తెలుసంటావా? దంచీ దంచీ ముసలి చేతులు పసిపిల్ల బుగ్గల్లా అయ్యాయి. చూసుకుంది, అంతే.

నూనె ఎవరికి? కూతురు ఎర్రక్కకి. ఎర్రక్క తొట్టి తొక్కే మనిషి. రసం పులుపుకి తొక్కేవాళ్ళ మడమలు పగిలేవి. ఎలాంటి పగుళ్ళనుకున్నావ్! బల్లులు అందులో కాపురం పెట్టి పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేవి. రసంలో నెత్తురు పడుతుందని పగిలినవాళ్ళని తొట్టి దిగనిచ్చేవాళ్ళు కాదు. దిగకపోతే కూడు లేదు. ఎర్రక్క మడమలు మాత్రం వెన్నముద్దలు.

కానీ ఎర్రక్కకి సిగ్గు. అమ్మ పెరటి గోడ మీద నూనె పిడత పెట్టి పోయేది. కూతురు తలుపు మూసుకుని రాసుకునేది. వీధిలో అమ్మ గంపతో ఎదురైతే, అందరితోపాటు తనూ, "పక్కకి జరుగు, పిప్పిదానా" అనేది.

సుంకమ్మ పక్కకి జరిగేది.

ఒక ఏడు ఎండలు మండాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూనే వేగిపోయాయి, ఒట్టు. అందరి మడమలూ పగిలాయి. పళ్ళు మురిగిపోతున్నాయి. తొట్టి పెద్ద కోనప్ప ఎర్రక్క కాళ్ళు చూశాడు.

"ఏం రాస్తున్నావే, ఎర్రక్కా?"

"ఆముదం, మామా."

అందరూ ఆముదం రాశారు. తొట్టి మెట్ల మీద జారిపడ్డారు గానీ పగుళ్ళు మానలేదు. మళ్ళీ అడిగాడు.

"నువ్వుల నూనె, మామా."

రాశారు. కాళ్ళకి చీమలు పట్టాయి గానీ పగుళ్ళు మానలేదు. కోనప్ప మూడోసారి అడిగాడు.

"నిజం చెప్పవే తల్లీ. ఊరికి కూడు లేకుండా పోతోంది."

పిప్పి ఎత్తుకోవడానికి వచ్చిన సుంకమ్మ అక్కడే నిలబడి ఉంది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని కూతురి నోటివంకే చూస్తోంది. ఎర్రక్క అమ్మని చూసింది. అమ్మ నెత్తిన కారుతున్న గంపని చూసింది.

"ఏమీ రాయను, మామా. పుట్టుకతో వచ్చిన కాళ్ళు."

కన్నతల్లికి తెలియాలి కదా, అందరూ సుంకమ్మవైపు తిరిగారు.

"నిజమే అన్నా, పుట్టుకతో వచ్చినవే," అంది సుంకమ్మ. గంప సర్దుకుని పక్కకి జరిగి వెళ్ళిపోయింది.

ఆ ఏటి వానల్లోనే సుంకమ్మ కన్నుమూసింది. ఎర్రక్క వీధిలోకి వచ్చి అమ్మా అని ఏడవబోయింది. గొంతు రాలేదు. వీధిలో ఆ మాట అని ఎన్నాళ్ళయిందో.

మరుసటేడు పిడత అడుగంటింది. వెన్నముద్దలు చిట్లాయి. తొట్టి గట్టు మీద కాళ్ళు చాపితే కోనప్ప చూసి, "అదేమిటే, పుట్టుకతో వచ్చిన కాళ్ళన్నావు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్రక్క తల వాలిపోయింది. ఎంతగా అంటే... వద్దులే, ఇక్కడ నేనేమీ పెంచను. వాలిపోయింది.

లేచి గుంతకి పోయింది. పిప్పి గంప నెత్తికెత్తుకుని నడివీధిలో నడిచింది. రసం మొహం మీద కారుతోంది.

"పక్కకి జరుగు, పిప్పిదానా!" అన్నారెవరో.

ఎర్రక్క జరగలేదు.

"నేను సుంకమ్మ కూతుర్ని," అంది. "మా అమ్మ ఈ గింజల నూనె నాకిచ్చేది. మీరు మూడుసార్లు అడిగారు. నేను మూడుసార్లూ అమ్మని దాచాను."

ఎవరూ నవ్వలేదు. పిప్పిదానా అనని నోరు ఆ వీధిలో ఒక్కటుంటే కదా! కోనప్ప తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. గానుగవాడు నేలచూపులు చూస్తూ, "నా గానుగకి పట్రావే, అమ్మాయ్" అన్నాడు.

అప్పట్నించీ ఆ ఊళ్ళో గింజ పారేయరు. తొట్టి దిగేముందు మడమలకి ఆ నూనె రాసుకుని, ఊరంతా వినేలా, ఫలానా అమ్మ బిడ్డనని చెప్పి దిగుతారు. తల్లి పేరు తెలియనివాళ్ళు సుంకమ్మ పేరు చెప్పుకుంటారు. ఎవరైనా నిజం చెప్పడానికి నసిగితే, "మూడోసారి అడిగించుకోకు" అంటారు.

ఇదిగో, ఈ పిడత పట్టుకో. మీ అమ్మ చేలోంచి వచ్చే వేళయింది, ఎదురెళ్ళి ఇయ్యి. ఇంటికొచ్చాక కాదు. వీధిలోనే, నలుగురూ ఉన్నచోటే, అమ్మా అని గట్టిగా పిలిచి ఇయ్యి.

ఊఁ, ఇంకా కూర్చున్నావేం? లే!