ఆగస్టు గీత

మాలకీ మాస్టారికి ఒక అలవాటు. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, చేతికి పని ఇస్తాడు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలుంటే అప్పుడు చూద్దాం అంటాడు. ఐర్లండు పడమటి తీరాన, సముద్రపు గాలికి గొర్రెలు సైతం ఒక పక్కకి ఒరిగి నిలబడే ఊళ్లో, నలభై ఏళ్లుగా ఆయన రగ్బీ నేర్పుతున్నాడు. ఒకప్పుడు ఆయనా వింగరే.

వింగరంటే జట్టులో చివర నిలబడేవాడు. అతని చోటు మైదానం అంచున, తెల్లటి గీత పక్కన. బంతి చేతికొస్తే ఆ గీత వెంటే పరిగెత్తాలి. గీత మీద కాలు పడిందా, పరుగంతా వృథా. అందుకని మంచి వింగరు గీతని చూడడు. అదెక్కడుందో అతని ఒంటికే తెలిసి ఉంటుంది.

మాలకీ శిష్యుల్లో అలా బాగా తెలిసినవాడు ఓరన్. ముప్పై ఒక్కేళ్లు. దేశం తరఫున ఆడిన ఒక్కో ఆటనీ అక్కడ ఒక్కో టోపీ అంటారు. ఓరన్‌కి నలభై తొమ్మిది అయ్యాయి. శనివారం యాభయ్యోది. యాభయ్యో ఆట ఆడేవాడు ఆ రోజు జట్టంతటికన్నా ముందు, ఒక్కడే, మైదానంలోకి నడిచి వస్తాడు. జనం లేచి నిలబడతారు. పదకొండేళ్లుగా ఓరన్ ఆ నడక కలలో నడుస్తూనే ఉన్నాడు.

మంగళవారం పొద్దున్నే వచ్చి, గేటు దగ్గరే అడిగేశాడు.

"మాస్టారూ, ఇక ఆపాలని ఆటగాడికి ఎలా తెలుస్తుంది?"

మాలకీ అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. రెండు వారాల కిందటి ఆటలో ఎదుటివాడి మోకాలు ఓరన్ కణతకి తగిలింది. టీవీలో ఆయనా చూశాడు.

"డాక్టరేమన్నాడు?"

"పరీక్ష పెట్టాడు, పాసయ్యాను. ఆగస్టులో ఎలా ఉన్నానో ఇప్పుడూ అలాగే ఉన్నానట."

"అయితే మంచిదే. ఆ సున్నం బండి పట్టుకురా. వెనక మైదానంలో గీత వెయ్యాలి."

ఓరన్ నవ్వాడు. "యాభయ్యో టోపీ వాడి చేత సున్నం వేయిస్తారా?"

"టోపీకి సున్నమవుతుందనుకుంటే తీసి పక్కన పెట్టు."

ఆ క్లబ్బులో అదొక ఆనవాయితీ. ఏటా ఆగస్టులో, ఆటలు మొదలయ్యే ముందు, వింగరు గీత వింగరే వేసుకోవాలి. దారం కట్టకూడదు. చక్రం వంక చూడకూడదు. అవతలి కొసన ఉన్న జెండా మీద చూపు నిలిపి, బండి తోసుకుంటూ పోవాలి. ఓరన్ కుర్రతనం నుంచీ వేస్తున్నాడు. మొన్న ఆగస్టులోనూ తనే వేశాడు. ఫిబ్రవరిలో మళ్లీ ఎందుకన్నదే అతనికి అంతుపట్టలేదు.

జెండా చూసుకుంటూ నడిచాడు. బండి కిర్రుకిర్రుమంటోంది. నడుస్తూండగా పొద్దున అమ్మ ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. "ఇదే సంగతి నిన్న కూడా చెప్పావు నాన్నా" అంది.

కొసకి చేరి వెనక్కి తిరిగాడు. గీత సగం దాకా బాగానే ఉంది. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా పక్కకి జరిగిపోయింది.

"చక్రం వంకరపోయినట్టుంది మాస్టారూ."

మాలకీ వచ్చి బండి అందుకున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, తుంటి ఎముక మార్పించుకున్నవాడు. ఇవతలి జెండా వైపు చూస్తూ, కుంటుకుంటూ తోసుకుపోయాడు. గీత తిన్నగా పడింది.

ఓరన్ దాని పక్కనే నడిచి వస్తూ సగంలో ఆగిపోయాడు. ఆగస్టులో తను వేసిన గీత వానలకి ఎప్పుడో పోయింది. కానీ సున్నం పడ్డచోట గడ్డి మాడి, సన్నటి గోధుమరంగు చార మిగిలింది. మాస్టారి గీత సరిగ్గా ఆ చార మీదే పడింది. తను ఇవాళ వేసినది అక్కణ్ణుంచి దూరమవుతూ, కొస దగ్గర మూడడుగులు తప్పింది.

రెండు గీతల మధ్య చాలాసేపు నిలబడ్డాడు.

"ఆగస్టులో డాక్టరు పది మాటలు చదివి వినిపిస్తాడు మాస్టారూ. గుర్తున్నవి చెప్పాలి. ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్లీ అడిగి, దాంతో పోల్చి చూస్తారు. పోయిన ఆగస్టులో నాకు ఏడు గుర్తున్నాయి. నాలుగే చెప్పాను."

"ఎందుకని?"

"ముందే తక్కువ చెప్పి పెట్టుకుంటే, తరవాత తేడా కనపడదని."

"ఆ వారమే కదరా ఇక్కడికొచ్చావు. మరి గీత మాత్రం ఇంత తిన్నగా ఎందుకేశావు?"

ఓరన్ తెల్లబోయాడు. "గీత కదా మాస్టారూ! అది కావాలని వంకరగా ఎలా వేస్తాను?"

మాలకీ తల పంకించాడు. "సరే. మొన్న దెబ్బ తగిలాక ఎన్ని చెప్పావు?"

ఓరన్ సున్నం అంటిన బూట్ల వంక చూసుకున్నాడు.

"నాలుగే. కానీ ఈసారి దాచిందేమీ లేదు."

ఓరన్ జేబులోంచి ఫోన్ తీసి డాక్టరు నంబరు నొక్కాడు. అవతల మోగుతుండగా మాస్టారి వైపు తిరిగాడు.

"శనివారం జనమంతా లేచి నిలబడతారు మాస్టారూ."

"నిలబడనీ," అన్నాడు మాలకీ, బండిలో మిగిలిన సున్నం దులుపుతూ. "ఆ మిగతా మూడు మాటలూ దొరికాక నడుద్దువుగాని."